ఇంట్లోనే ప్రార్థించుకోగలిగినవాళ్లం చర్చికి ఎందుకు వెళ్తున్నాం?

మెతుకుసీమ

సభ్యులందరికీ వందనాలు. 2020 మార్చిలో చర్చి తలుపులు మూతపడినప్పటి నుంచి నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు ఆరాధనను మా ఇంటిల్లిపాదీ ఫోనులో చూశాము. ప్రసంగం స్పష్టంగా వినబడింది, కీర్తనలు బాగా పాడారు, చదివిన వాక్యంలో తేడా ఏమీ లేదు. అయినా ముగింపు ఆశీర్వాదం అయ్యాక, అప్పటిదాకా కొంగు తల మీద కప్పుకొని కూర్చున్న మా అమ్మ, "చర్చికి పోయినట్టే లేదు" అని లేచి వెళ్లిపోయింది. ఏమి తక్కువైందని అడిగితే చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేను.

మాది మెదక్. ఆ పెద్ద చర్చిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, 175 అడుగుల గోపురం ముందు ఫోటోలు దిగి, రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననాన్ని, సిలువ శ్రమను, ఆరోహణాన్ని చూసి వెళ్తారు. మాకు మాత్రం అది కరవు కట్టిన చర్చి. మిషనరీ పోస్నెట్ దొర ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి అన్నం పెట్టాలని దానిని కట్టించాడనీ, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిందనీ మా ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ రాళ్లు మోసినవాళ్లలో మా ముత్తాత ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటాము, దానికి కాగితం ఏదీ లేదు. దేవుడు అంతటా ఉన్నాడని నమ్మే మనకు ఒక చోటి మీద, ఒక గోడ మీద, ఒక బెంచీ మీద ఇంత మమకారం ఎందుకో మీమీ అనుభవం నుంచి రాయండి. వాక్యాల పట్టిక మాత్రం పెట్టవద్దని మనవి. అవి అందరి దగ్గరా ఉన్నాయి.

గుండ్లకమ్మ తీరం

మెతుకుసీమ గారికి వందనాలు. నేను ఒంగోలులో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, బాప్తిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాడిని. మీరు చరిత్రతో మొదలుపెట్టారు కాబట్టి నేనూ అక్కడి నుంచే వస్తాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్తిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు నెల్లూరు విశ్వాసులు కొందరిని వెంటబెట్టుకొని ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. దానిని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటాము. ఆ తరువాత వచ్చిన క్లౌ దొర కాలంలో ధాత కరువు, అంటే 1876-78 నాటి పెద్ద కరువు, పడింది. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు కానీ, తిండి కోసం వచ్చి కలుస్తున్నారన్న మాట పడకూడదని, కరవు సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ ఆ అంకె చెబుతారు. నాకు అంకె కన్నా దానికి ముందున్న నిరీక్షణ పెద్దదిగా కనిపిస్తుంది. కూలిపని ముగిసిపోయిందని తెలిసిన తరువాత కూడా వాళ్లు వచ్చారు.

ఎందుకు వచ్చారో మా నాయనమ్మను చూస్తే నాకు కొంత అర్థమయ్యేది. ఊరిలో ఆమె నిలబడవలసిన దూరం ఒకటి ఉండేది. షావుకారు అంగడి ముందు ఎక్కడ నిలబడాలో, బావి దగ్గర ఎవరు వచ్చి నీళ్లు పోసేదాకా ఆగాలో ఆమెకు చిన్ననాడే నేర్పారు. మందిరంలో మాత్రం ఎడమ వైపు మూడో చాప మీద, స్తంభం పక్కన, ఆమె చోటు ఆమెదే. ఆలస్యంగా వచ్చినా అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు. చదువు రాని ఆ మనిషికి కీర్తనలన్నీ రాగంతో సహా నోటికి వచ్చు, పాడేటప్పుడు పల్లవి ఎత్తుకునేది ఆమే. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, ఆదివారం అది చర్చికి వెళ్లేది. ఇంట్లో మాకు సరిపోని రోజున కూడా ఆ పిడికెడు ఆగలేదు. చిన్నప్పుడు నాకు దాని మీద కోపంగా ఉండేది. ఇతరుల దగ్గర పుచ్చుకోవడమే గాని తాము ఇవ్వడం ఎరుగనివాళ్లని ఊరు అనుకునే మనుషులు, వారం వారం ఇచ్చేవాళ్లుగా నిలబడిన చోటు అదొక్కటేనని తరువాత తెలిసింది.

కోత పండుగ సంగతి కూడా చెప్పాలి. ఆరాధన అయ్యాక కానుకగా వచ్చిన గుమ్మడికాయలను, కోళ్లను, అరటి గెలలను వేలం వేసేవారు. ఒక గుమ్మడికాయను సంత ధరకు ఎన్నో రెట్లు పాడుకొని, డబ్బు కట్టి, ఆ కాయను మళ్లీ చర్చికే ఇచ్చేస్తే, దానిని ఇంకొకరు పాడుకునేవారు. ఇంత నవ్వు మరే చోటా నేను వినలేదు. ఫోను తెరలో మీ అమ్మగారికి దొరకనిది ప్రసంగం కాదని నా అభిప్రాయం.

శుక్రవారపు ఆరాధన

అందరికీ ప్రభువు పేరట వందనాలు. మాది కడప వైపు. నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఉంది, అందులో అనేక భాషల సంఘాలు గదులు పంచుకొని, గంటలు పంచుకొని కూడుకుంటాయి. మేము పాడుతుంటే పక్క గదిలో మలయాళం పాట వినబడుతుంది, మేము బయటికి వచ్చేసరికి ఫిలిప్పీన్స్‌వాళ్లు లోపలికి రావడానికి నిలబడి ఉంటారు.

ఉపాధ్యాయులు గారు చాప గురించి రాసినది చదివి నాకు కన్నీళ్లు వచ్చాయి. పనిచేసే ఇంట్లో నా పేరు నోరు తిరగదని ఇంకో చిన్న పేరు పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను చెప్పడం లేదు, జీతం వేళకు ఇస్తారు. కానీ వారమంతా ఆ పేరుకే పలికి, సెలవు దొరికిన శుక్రవారం చర్చి వాకిట్లో అడుగుపెట్టగానే, "ఏమక్కా, పోయిన వారం కనపడలేదే" అని నా అసలు పేరు పెట్టి ఎవరో ఒకరు పిలుస్తారు. ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఒకరి కొడుకు పదో తరగతి పరీక్షలు, ఒకరి ఇంటి మీద పడని స్లాబు, ఒకరి అప్పు, ఒకరి మొగుడి తాగుడు, అన్నీ బయటికి వస్తాయి. అక్కడ ఏడిస్తే కారణం ఎవరూ అడగరు, పక్కనున్న ఆమె చేయి పట్టుకుంటుంది, అంతే. పనిచేసే ఇంట్లో ఏడిస్తే కారణం చెప్పాలి, చెప్పినా భాష చాలదు.

లాక్‌డౌన్‌లో నేను కూడా వంటింట్లో ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని గిన్నెలు కడుగుతూ ఆరాధన విన్నాను. వినడానికి బాగానే ఉంది. నేను రాలేదని అడిగేవాళ్లే లేరు.

అయ్యగారి అబ్బాయి

ఇంతమంది చర్చిని ఇంత ప్రేమగా తలుచుకుంటుంటే, చర్చి క్వార్టర్సులో పెరిగిన నేను కొంచెం వేరుగా చెప్పక తప్పదు. మా నాన్నగారు సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) గురువుగా, అంటే పాస్టరుగా, పనిచేశారు. మీకు పండుగ రోజు అంటే చర్చి, మాకు పండుగ రోజు అంటే నాన్న దొరకని రోజు. క్రిస్మస్ ఉదయాన మూడు గ్రామ సంఘాలలో ఆరాధన ముగించుకొని ఆయన ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలేది, మేము అప్పటికే తినేసి ఉండేవాళ్లం. బదిలీ వస్తే ఇల్లు కూడా పోతుంది, ఎందుకంటే ఇల్లు చర్చిదే. మేము ఏ దుస్తులు వేసుకున్నామో, ఎవరితో మాట్లాడామో సంఘమంతటికీ కావాలి.

అయినా నాకు ఇష్టమైన వేళ ఒకటి ఉంది. శనివారం సాయంత్రం అమ్మా నేనూ చర్చి ఊడ్చి, సంస్కారపు బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, మరునాటి కీర్తనల నంబర్లు పలక మీద పెట్టేవాళ్లం. జనం లేని ఆ చర్చిలో నేను నోరారా పాడుకున్నట్టు ఆదివారం ఎన్నడూ పాడలేదు. గుంపు వల్లనే చర్చి చర్చి అవుతుందన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను.

కొండ మీది అమ్మ

నేను విజయవాడ నుంచి రాస్తున్నాను, మేము కతోలికులం. ఇంతవరకు మాట్లాడినవారిలో మావాళ్లు లేనట్టున్నారు కాబట్టి మా వైపు మాట చేరుస్తాను. ప్రసంగాన్ని ఫోనులో వినవచ్చు, దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో ఇచ్చే అప్పాన్ని, ఫోనులో పుచ్చుకోలేము. పాపసంకీర్తనం కూడా అంతే. మోకరించి, జాలీకి అవతల ఉన్న గురువుకు నా తప్పును నా నోటితో చెప్పుకోవాలి. లాక్‌డౌన్ నెలల్లో టీవీలో పూజ చూస్తూ, సత్ప్రసాదం పంచే సమయం వచ్చినప్పుడు కళ్లు మూసుకొని ప్రార్థన చెప్పుకొనేవాళ్లం. ఆ లోటును ఆకలి అనడం అతిశయోక్తి కాదు. గుళ్లు తెరిచాక మొదటిసారి అరచేతిలో సత్ప్రసాదం పెట్టినప్పుడు నా చేయి వణికింది.

ఇక్కడి గుణదల మేరీమాత కొండ గురించి కూడా ఒక మాట. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలకు వచ్చేవారిలో క్రైస్తవులు కానివారు కూడా ఎంతోమంది ఉంటారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రొటెస్టెంటు స్నేహితులు కొందరు దీనిని చూసి ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు, ఈ చర్చలో ఆ వాదన వద్దు. బిడ్డ జ్వరం తగ్గితే కొండ ఎక్కుతానని మొక్కుకున్న తల్లి, ఆ మెట్లు ఎక్కి దిగితే తప్ప మొక్కు తీరిందని నమ్మదు. ఆ కృతజ్ఞత కాళ్లతో చెల్లించేది.

బయటి బెంచీ

నేను చాలాకాలంగా ఆరాధనకు వెళ్లడం లేదు. పైన రాసినవన్నీ రెండుసార్లు చదివాను, వాటిలో అబద్ధం ఏదీ లేదు. కానీ ఒక సగం లేదు.

మా పట్టణంలోని చర్చిలో రెండు కులాలవాళ్లు ఉన్నారు. రెండు వైపులా కూర్చుంటారు, సమాధుల తోటలో రెండు వైపులా పడుకుంటారు. గురువు ఏ కులంవాడు వస్తే రెండో కులంవాళ్లు ఆయన వెనుక లెక్కలు తీస్తారు. సంఘ ఎన్నికల తరువాత కోర్టు స్టే తెచ్చుకొని, ఆదివారం ఉదయం గేటుకు తాళం వేసి, బయట పోలీసులు, లోపల ఎవరూ లేని రోజులు నేను చూశాను. ముప్పై ఏళ్లు కానుకల లెక్క రాసిన మా నాన్నగారి పేరును ఒక వర్గం సభ్యుల జాబితా నుంచి తీసివేసింది. కారణం చందా బకాయి అన్నారు. ఆయనకు ఆ రసీదులు చూపించాలన్న పట్టుదల కూడా లేకపోయింది. ఆ తరువాత ఆదివారాలు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, వీధి అరుగు మీద కూర్చునేవారు.

గుండ్లకమ్మ తీరం గారూ, ఊరు దూరంగా నిలబెట్టినవాళ్లకు చర్చి చోటిచ్చిందని మీరు రాశారు. నిజమే. ఆ చోటిచ్చిన చర్చే మళ్లీ దూరంగా నిలబెడితే ఆ మనిషి వెళ్లడానికి ఇక ఏ చోటు మిగులుతుంది? ఊరు పెట్టిన దూరం మా నాన్నగారిని ఇంతగా కుంగదీయలేదు.

గుండ్లకమ్మ తీరం

బయటి బెంచీ గారూ, మీరు రాసినదానికి అడ్డు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సమాధుల తోటలో గీతలు మా జిల్లాలోనూ ఉన్నాయి. అది మిగిలిపోయిన పాత అలవాటు అని తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. తెలిసీ ప్రతి తరం దానిని మళ్లీ గీసుకుంటోంది. మీ నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకొని అరుగు మీద కూర్చున్నారన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

దోర్నకల్ జంక్షన్

చిన్న మాట చేరుస్తాను. మా దోర్నకల్ మందిరానికి గుమ్మటాలు, మండపాలను పోలిన స్తంభాలు ఉంటాయి, చూడగానే ఇది ఈ నేల మీది కట్టడమని తెలుస్తుంది. అజరయ్య గారు 1912 డిసెంబరులో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ మందిర ప్రతిష్ఠ మాత్రం 1939 జనవరి 6న జరిగింది. మధ్యనున్న ఇరవై ఆరేళ్లూ పల్లెల్లో సంఘాలు తాటాకు పాకల్లోనూ చెట్ల కిందా పెరిగాయి. కాబట్టి గోడ మీద మమకారం తరువాత వచ్చినదే. తరువాత వచ్చినంత మాత్రాన అది తక్కువది కాదని కూడా అంటాను. పాకలో బాప్తిస్మం పొందిన మా తాతగారు తన కూతురి పెళ్లి ఆ గుమ్మటాల కింద చేయాలని ఎన్నేళ్లు డబ్బు కూడబెట్టారో నాకు తెలుసు.

రెండు పేర్లు

ఈ చర్చలో ఎవరైనా ప్రస్తావిస్తారని చూశాను, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చేర్చారు, క్రైస్తవులకు లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన రాష్ట్రాలలో బి.సి.-సి కింద, అంటే వెనుకబడిన తరగతుల సి గ్రూపులో, లెక్కిస్తారు. దీని మంచిచెడులు కోర్టులలో, కమిషన్ల ముందు ఏళ్లుగా నడుస్తున్నాయి, వాటిలోకి నేను పోను. మా కుటుంబాల లోపల దాని వల్ల ఏమి జరుగుతుందో మాత్రం చెబుతాను. బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు. ఆఫీసులో నన్ను మొదటి పేరుతోనే ఎరుగుదురు. రెండో పేరుతో నన్ను పిలిచే చోటు చర్చి ఒక్కటే, పుట్టినరోజు కృతజ్ఞత కానుక కవరు మీద నేను స్వయంగా రాసుకునేది కూడా ఆ పేరే. అయ్యగారు దానిని పైకి చదివినప్పుడు నాకు ఏకకాలంలో ఆనందమూ భయమూ కలుగుతాయి. వెనుక బెంచీలో ఆఫీసు మనిషి ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి తల తిప్పి చూస్తాను. కువైట్ సోదరి గారు రాసిన పేరు సంగతి నాకు ఇంకో విధంగా అర్థమైంది.

మెతుకుసీమ

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. నిన్న రాత్రి వీటిని మా అమ్మకు చదివి వినిపించాను. అన్నీ విని, చాలాసేపటికి, "ఫోనులో చందా సంచి రాదు గదా" అన్నది. నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. సంచి వరుసగా చేతి నుంచి చేతికి వస్తుంటే కొంగుముడి విప్పి నోటు తీయడం, పక్కామెకు అందించడం, ఆ పని చేసి ఇంటికి వస్తేనే ఆమెకు ఆదివారం. ఆన్‌లైనులో పంపే సదుపాయం ఉందని నేను చెబితే, అది కరెంటు బిల్లు కట్టినట్టు ఉంటుందట.

బయటి బెంచీ గారూ, అడగవచ్చో లేదో తెలియదు. మీరు పూర్తిగా వదిలేశారా?

బయటి బెంచీ

అడిగారు కాబట్టి చెబుతాను. ఆరాధనకు వెళ్లను, కానీ నా సభ్యత్వ చందా ప్రతి సంవత్సరం కడుతున్నాను, రసీదు జాగ్రత్త చేస్తున్నాను. మా అమ్మ సమాధి అక్కడే ఉంది. నాన్నగారు పోయినప్పుడు పెద్దలు భూస్థాపనకు అనుమతి ఇచ్చే ముందు బకాయి లెక్క అడిగారు. శవం ఇంట్లో ఉంది, బంధువులు వాకిట్లో ఉన్నారు, మా మేనమామ వెళ్లి ఆ డబ్బు కట్టి వచ్చాడు. ఆయన బకాయి లేరని నిరూపించే రసీదులన్నీ ఆ మరుసటి వారం బీరువా సర్దుతుంటే దొరికాయి. విశ్వాసం మిగిలిందా అని మీరు అడిగితే జవాబు నాకు సరిగా తెలియదు. అమ్మానాన్నల పక్కన నాకు చోటు కావాలని మాత్రం తెలుసు.

అయ్యగారి అబ్బాయి

ఇలాంటి సందర్భాలలో మా నాన్నగారు కోశాధికారితో గొడవపడటం నేను చూశాను. కోశాధికారి వాదన కూడా ఉండేది, న్యాయంగా చెప్పాలి. సమాధుల తోట ప్రహరీ పడిపోయింది, కావలివాడికి జీతం ఇవ్వాలి, బతికి ఉన్నప్పుడు ఎవరూ చందా కట్టరు, అడగడానికి మిగిలినది ఆ ఒక్క రోజే అనేవారు. నాన్న ఆ రోజున అడగనివ్వలేదు. చాలాసార్లు తన జేబులో నుంచి కట్టారని అమ్మ తరువాత చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు గర్వం కన్నా విసుగే ఎక్కువగా ఉండేది.

శుక్రవారపు ఆరాధన

బయటి బెంచీ అన్నా, మీ నాన్నగారి సంగతి చదివినప్పటి నుంచి మనసు బాగా లేదు. ఇక్కడ మాలో ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపించడానికి సంఘంవాళ్లం అందరం చందాలు వేసుకుంటాము. పోయిన మనిషి ఎన్నడూ మా ఆరాధనకు రాకపోయినా అడగము, ఏ ఊరు, ఏ జిల్లా అని మాత్రం అడుగుతాము. ఈ వారం మనవులలో మీ పేరు చెప్పకుండా మీ కోసం ప్రార్థన చేయిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

గుండ్లకమ్మ తీరం

మా సంఘంలో ఈ విషయం మీద రెండు వార్షిక సమావేశాలు నడిచాయి. భూస్థాపన రోజున గాని, దాని తరువాత నెల రోజులలోపు గాని ఏ కుటుంబాన్నీ బకాయి అడగకూడదని, తోట మరమ్మతులకు కోత పండుగ వేలం డబ్బులో ఒక భాగం విడిగా తీసిపెట్టాలని చివరికి తీర్మానించాము. గీత చెరపడం మీద తీర్మానం మాత్రం నెగ్గలేదు, అది ఇంకా ఉంది. చందా మీదిది నెగ్గడానికి కారణం, బకాయిలు ఎక్కువగా ఉన్న కుటుంబాలు రెండు వైపులా ఉండటమేనని నాకు అనుమానం.

బయటి బెంచీ

సోదరి గారూ, అభ్యంతరం లేదు. గుండ్లకమ్మ తీరం గారూ, ఆ తీర్మానం ప్రతి మీ దగ్గర ఉంటే పంపగలరా? మా సంఘం వార్షిక సమావేశం జనవరిలో ఉంటుంది. నా చందా రసీదు ఈ ఏడాదిది కూడా ఉంది కాబట్టి లేచి మాట్లాడే హక్కు నాకు ఇంకా ఉంది.